ముప్పై రాత్రుల షరతు

మూడో ముక్క దొరకలేదు.

రెండు ముక్కలు మంచం పక్కనున్న గాజు గ్లాసులో ఉన్నాయి. మూడోదాని కోసం పొద్దున్నే ఇల్లంతా తలకిందులైంది. దుప్పట్లు దులిపారు. దిండు గలీబులు తిరగేశారు. కోడలు మోకాళ్ళ మీద కూర్చుని గదిలో నేలంతా అరచేత్తో తడిమింది. ఆమె భర్త మంచం కిందికి దూరాడు. అతని కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి.

"ఇక్కడ లేదమ్మా," అన్నాడు లోపలి నుంచి. "పాత చెప్పొకటి ఉంది. కావాలా?"

"నా కడుపులో ఉన్నది నీకు మంచం కింద ఎలా దొరుకుతుందిరా?" అంది అత్తగారు. "మింగేశానని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నాను కదా!"

ఆవిడ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి ఒళ్ళో ఉన్న కళ్ళజోడు పెట్టె మీద. ప్లాస్టిక్ ముక్క మింగిన మనిషికి ఉండాల్సిన కంగారు ఆ ముఖంలో వెతికినా కనపడలేదు.

మామగారు గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతున్నారు. ఈ రోజు ఆయన గెలిచిన రోజు. ఎగతాళి చెయ్యాలి, మీసం దువ్వాలి, నేను ముందే చెప్పానని కనీసం నాలుగు సార్లు అనాలి. కోడలు ఆ నాలుగింటికీ సిద్ధపడే ఉంది. ఆయన మాత్రం గ్లాసులోని ముక్కల వంక అదే పనిగా చూస్తున్నారు.

"ఇరవై ఆరు," అన్నారు చివరికి.

అంతే. ముప్పైకి ఇంకా నాలుగే తక్కువ.

షరతు ఇంటిల్లిపాదికీ తెలుసు. కింది అంతస్తులో పళ్ళ ల్యాబ్, పై అంతస్తులో కాపురం. నిద్రలో పళ్ళు కొరికే వాళ్ళకి పళ్ళు అరిగిపోకుండా రాత్రిపూట పెట్టుకునే స్ప్లింట్లు, అంటే ఆ పారదర్శకమైన తొడుగులు, ఈ ల్యాబ్‌లో ముప్పై అయిదేళ్ళుగా మామగారి చేతి మీదుగానే తయారవుతున్నాయి. మైనంతో ఆకారం దిద్దడం, ప్లాస్టర్ అచ్చు పోయడం, అందులో అక్రిలిక్ నింపి నీళ్ళలో ఉడికించడం, ఇదీ ఆయన పద్ధతి. కోడలు నెల రోజుల పరీక్ష మీద ప్రింటింగ్ మెషీన్ తెప్పించింది. అది రెజిన్ అనే ద్రవాన్ని వెలుతురుతో గట్టిపరుస్తూ, పొర మీద పొర వేసి తొడుగు తయారుచేస్తుంది. మెషీన్ దిగిన రోజే మామగారు అందరి ముందూ చెప్పేశారు.

"ఈ ఊళ్ళో మా ఆవిడ కంటే గట్టిగా పళ్ళు కొరికే మనిషి లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చప్పుడుకి నాకు కంటి మీద కునుకు లేదు. ఆవిడ నోట్లో ముప్పై రాత్రులు నిలిచిందా, మెషీన్ ఉంటుంది. విరిగిందా, వచ్చిన అట్టపెట్టెలోనే వెళ్తుంది."

నిన్న, ఇరవై ఆరో రాత్రి, తొడుగు మూడు ముక్కలైంది. ఆ అట్టపెట్టె ఇంకా మెట్ల కిందే ఉంది. దాన్ని పారెయ్యనివ్వలేదు ఆయన.

కోడలికి ఆ మెషీన్ మీద ఉన్నది మోజు కాదు. ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళయింది. పని నేర్చుకుని వచ్చిన పిల్ల. ఆయన బల్ల మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వరు. ప్రేమ లేక కాదు, ఆయన చేతిలోంచి పనిముట్టు జారదు, అంతే. మెషీన్ వచ్చాక మొదటిసారి ఆమెకంటూ ల్యాబ్‌లో ఒక మూల, ఒక కుర్చీ దొరికాయి. అది వెళ్ళిపోతే మళ్ళీ ప్లాస్టర్ కలుపుకుంటూ కూర్చోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఏడుపు వస్తోంది.

మామగారు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. "అమ్మాయ్, కిందికి రా. ఈ ముక్కల సంగతేంటో చూద్దాం," అని మెట్లు దిగిపోయారు.

భర్త మంచం కింద నుంచి బూజుతో సహా బయటికి వచ్చాడు. "డాక్టరమ్మకి ఫోన్ చేస్తాను. ఎక్స్‌రే తీస్తే కడుపులో ఎక్కడుందో తెలిసిపోతుంది."

"వద్దు!" అంది అత్తగారు.

చాలా గట్టిగా అంది. అంత గట్టిగా అన్నందుకు ఆవిడకే తడబాటు వచ్చింది. చప్పున పక్కనున్న పేపరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకుంది.

కోడలు ఒక క్షణం ఆ పేపరు వైపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీరు వెళ్ళి మామయ్యగారికి లైటు పట్టుకోండి. నేను వస్తాను."

అతను వెళ్ళాడు. అతని అడుగుల చప్పుడు మెట్ల మీద వినపడకుండా పోయేదాకా ఆగింది.

"అత్తయ్యా."

"ఊఁ."

"పేపరు తలకిందులుగా పట్టుకున్నారు."

"కళ్ళజోడు లేదు కదా, ఎలా పట్టుకుంటే ఏముంది?"

"కళ్ళజోడు మీ ఒళ్ళోనే ఉంది. పొద్దున్నుంచీ పెట్టె పట్టుకుని కూర్చున్నారు, ఒక్కసారైనా తియ్యలేదు."

పేపరు మెల్లగా కిందికి దిగింది. అత్తగారు గుమ్మం వైపు చూసింది, కోడలి వైపు చూసింది, ఆ తర్వాత నిట్టూర్చి పెట్టె మూత తెరిచింది. కళ్ళద్దాల మధ్య, తుడుచుకునే గుడ్డలో చుట్టి, మూడో ముక్క ఉంది.

"ఇంక అరవకు," అంది.

కోడలు అరవలేదు. ముక్కని వెలుతురులోకి తిప్పింది. చివరి దంతం వెనక, లోపలి వైపు, నువ్వుగింజంత అంకె ఉంటుంది. ప్రతి తొడుగు మీదా తనే వేయిస్తుంది. అత్తగారికి ఇచ్చిన దాని మీద ఒకటి ఉండాలి. దీని మీద నాలుగు ఉంది.

"ఇది ట్రేలోది కదా అత్తయ్యా! నా బల్ల మీది ట్రేలోది!"

"మెల్లగా మాట్లాడు. అవును. మొదటిది పోయింది."

"పోయిందా? ఎప్పుడు?"

"పన్నెండు రోజులయింది. రుమాల్లో చుట్టి ఎక్కడో పెట్టాను. ఎక్కడ పెట్టానో ఆ దేవుడికే తెలియాలి. మీ మామయ్య ముందే అన్నారు, వారం తిరిగేలోపు పారేస్తావని. నేను పారేస్తానా అని పెద్ద పోజు కొట్టాను. ఇప్పుడు పోయిందంటే ఆయన నోరు మూయించగలమా? పైగా షరతు అక్కడికక్కడే అయిపోతుంది, నీ మెషీన్ పెట్టెలోకి వెళ్ళిపోతుంది. కిందికి వెళ్ళి చూస్తే ట్రేలో అచ్చం అలాంటివే మూడున్నాయి. నా నోటికి చక్కగా సరిపోయింది. అన్నీ ఒకటే కదా అని ఒకటి తెచ్చుకున్నాను."

"ఒకటి కాదత్తయ్యా!" కోడలు కుర్చీ పక్కనే నేల మీద కూలబడింది. "చూడ్డానికే ఒకటి. మీ నోటి కొలతకే నాలుగు చేసుకున్నాను, దేనికి ఎంత బలం ఉంటుందో చూద్దామని. మొదటిది పడుకోబెట్టి చేశాను. రెండోది ఏటవాలుగా. మూడూ నాలుగూ నిలబెట్టి. నిలబెడితే మెషీన్‌లో ఒకేసారి ఆరు పడతాయి, పడుకోబెడితే రెండే పడతాయి. కానీ నిలబెట్టినప్పుడు పొరల అతుకులన్నీ పంటి కిందికి అడ్డంగా వస్తాయి. కొరికితే ఆ అతుకు దగ్గరే విడిపోతుంది. అందులోనూ నాలుగోది… దాన్ని గట్టిపరిచే లైటు పెట్టెలో సగం సేపే ఉంచాను, కావాలని. లోపల పూర్తిగా గట్టిపడలేదు."

"అదా! కాస్త చేదుగా ఉంటోంది ఈ మధ్య అనుకున్నాను."

"పన్నెండు రాత్రులు ఆ చేదు నోట్లో పెట్టుకుని పడుకున్నారా?"

"నీకోసమే కదే," అంది అత్తగారు మామూలుగా.

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆవిడ మోకాలి మీద తల ఆనించి రెండూ కొంచెం కొంచెం చేసింది. "రేపే డాక్టరమ్మకి మీ నోరు చూపిద్దాం. తప్పు నాదే. ట్రే మీద ఒక చీటీ అంటించి ఉంటే అయిపోయేది."

"చూపిద్దాంలే. ముందు ఆయనకి చెప్పనని మాటివ్వు. నేను పారేశానని తెలిస్తే ఈ జన్మకి నన్ను వదలరు."

కోడలు మాటిచ్చింది. ఇచ్చాక, మెట్లు దిగుతూ ఉంటే అర్థమైంది తనేం చేసిందో. విరిగింది నాలుగో నంబరని చెబితే మెషీన్ బతుకుతుంది. చెబితే అత్తయ్య దొరికిపోతుంది.

కింద ల్యాబ్‌లో మామగారు తన బల్ల ముందు కూర్చుని భూతద్దంలోంచి చూస్తున్నారు. కొడుకు లైటు పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద ఆయన చేతి పనిముట్లు వరుసగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. గది అవతలి మూల కోడలి మెషీన్ గుడ్డ కప్పుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఇలా రా. ఈ అంచు చూడు," అన్నారు. "నా అచ్చులో ఉడికింది విరిగితే వంకరటింకరగా విరుగుతుంది. ఎంత బలం పట్టిందో ఆ విరుపులోనే తెలుస్తుంది. ఇది స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా విరిగింది. గోరు పెట్టి చూడు, మెట్లు మెట్లుగా తగులుతుంది. పొర దగ్గర విడిపోయింది. అవునా?"

"అవును మామయ్యా."

"అంటే నిలబెట్టి చేసింది."

కోడలు తెల్లబోయింది. మెషీన్ వైపు కన్నెత్తి చూడరని అనుకున్న మనిషి విరిగిన అంచు చూసి అది ఎలా పుట్టిందో చెప్పేస్తున్నారు.

"నువ్వు నాతో ఏం చెప్పావు? పడుకోబెట్టి చేశానన్నావు. నువ్వు గమనించనప్పుడు నేనూ చూశాను. మరి ఇదెక్కడిది?"

ఆమె విరిగిన అంచు మీద మళ్ళీ గోరు పెట్టి రాసింది.

"నాన్నా, పోనీలే…" అని భర్త ఏదో అనబోయాడు.

"నువ్వు లైటు సరిగ్గా పట్టుకో." మామగారు సొరుగు లాగారు. గుడ్డలో చుట్టిన ఒక వస్తువు తీసి ముక్కల పక్కన పెట్టారు. గుడ్డ విప్పారు. ఎక్కడా విరగని తొడుగు. వెనక దంతం దగ్గర నువ్వుగింజంత ఒకటి. "మరి ఇదేంటి?"

కోడలు వంగి ఆ అంకె చూసింది.

"మొదటిది పనికిరాకపోతే గుట్టుచప్పుడు కాకుండా ఇంకోటి ఇచ్చావు. అంతేనా? ఓడిపోతే ఓడిపోయానని చెప్పాలి అమ్మాయ్. నా దగ్గర దాచడమేంటి?" ఆయన గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. అదే ఆమెను ఎక్కువగా కుదిపింది. "పనిలో అబద్ధం చెప్పే వాళ్ళతో నేను పని చెయ్యలేను."

ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. పైన కుర్చీలో పొట్ట మీద చెయ్యి వేసుకున్న మనిషి గుర్తొచ్చింది. మళ్ళీ మింగేసింది. భర్త లైటు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఆ పిల్లని అనకండి," అంది మెట్ల మీద నుంచి అత్తగారు.

ఆవిడ రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. వచ్చి, కళ్ళజోడు పెట్టెలోంచి మూడో ముక్క తీసి బల్ల మీద టక్కుమని పెట్టింది.

"మింగలేదా?" అన్నాడు కొడుకు.

"లేదు. మొదటిది పారేసింది నేను. ట్రేలోంచి ఇంకోటి తీసుకుంది నేను. పిల్లకి ఇందాకే తెలిసింది. మీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. ఇప్పుడు అనండి ఏమంటారో, నన్ను అనండి."

మామగారు భూతద్దం పక్కన పెట్టారు. భార్య వైపు, కోడలి వైపు, ముక్కల వైపు చూశారు.

అత్తగారి చూపు అప్పుడు ఆ ముక్కల పక్కనున్న తొడుగు మీద పడింది. నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏమండీ. నేను పన్నెండు రోజులుగా ఇల్లంతా వెతుకుతున్నది మీ సొరుగులో ఏం చేస్తోంది?"

"అది… బట్టల బుట్టలో దొరికింది. రుమాలు కోసం చూస్తుంటే."

"దొరికితే ఇవ్వరా?"

"నువ్వు పెట్టుకోలేక పడేశావనుకున్నాను. ఆ మాట బయటపెడితే అమ్మాయి బాధపడుతుందని…" ఆయన నీళ్ళు నమిలారు. "రోజుకి పది సార్లు తుడుస్తుంది ఆ మెషీన్‌ని. ఎలా చెప్పమంటావు?"

పన్నెండు రోజులుగా ఒకరికి తెలియకుండా ఒకరు కోడలిని కాపాడుతూ వచ్చారన్నమాట. ఈ సంగతి అత్తగారికి సగం, మామగారికి సగం తెలుసు.

ఆమె తొడుగు చేతిలోకి తీసుకుంది. వెలుతురులో తిప్పి చూసింది. పక్కల మీద సన్నటి గాట్లు ఉన్నాయి. "ఇవి పంటి గాట్లు కావు మామయ్యా. పట్టకారు గాట్లు."

"ఆఁ… ఊరికే. ఖాళీగా ఉన్నప్పుడు."

"పట్టకారుతో వంచారా?"

"వంచాను."

"ఇంకా?"

"వేడినీళ్ళలో వేశాను. మేడ మీద నుంచి ఒకసారి జారింది."

"జారిందా, జారవిడిచారా?" అంది అత్తగారు.

"రెండు సార్లు జారింది."

"విరిగిందా?"

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది. "లేదు," అన్నారు.

ముందుగా నవ్వింది కొడుకు. తర్వాత అత్తగారు. కోడలు ఆపుకోలేక ముఖం తిప్పుకుంది. మామగారు మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తారు.

"ఆగండి. షరతు షరతే. ముప్పై రాత్రులు నోట్లో నిలవాలన్నాను. ఇది పద్నాలుగు రాత్రులే ఉంది. పట్టకారు నోరు కాదు. ఇంకా పదహారు కావాలి. మెషీన్ తీసుకెళ్ళడానికి కంపెనీ వాళ్ళు నాలుగు రోజుల్లో వస్తారు."

కోడలి నవ్వు ఆగిపోయింది. ఆయన పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. ఆయన చెప్పిన దాంట్లో తప్పు కూడా లేదు.

అత్తగారు వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంటోంది. "నాలుగు రాత్రులున్నాయి. ఇంట్లో ఎన్ని నోళ్ళున్నాయి?"

"నాలుగు," అన్నాడు కొడుకు.

"నాలుగు నాలుగులు పదహారు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు కోడలికి తట్టింది. "ఇంకో మూడు చెయ్యాలి. పడుకోబెట్టి చేస్తే రెండు విడతల్లో సాయంత్రానికి అయిపోతాయి. కడగడం, లైటు పెట్టెలో గట్టిపరచడం, అన్నీ పద్ధతి ప్రకారం…"

"ఇదెక్కడి న్యాయం?" అన్నారు మామగారు. "ఆవిడ నోరన్నాను నేను. మీరిద్దరూ నిద్రలో కొరకరు. మీ నోట్లో అప్పడం పెట్టినా తెల్లారేదాకా నిలుస్తుంది."

"ఎవరి నోరన్నది వదిలెయ్యండి, రాత్రులే కదా కావాలి? నాకు ఇవ్వాల్సిన పన్నెండు రాత్రులు మీ సొరుగులో పెట్టుకున్నది ఎవరు?"

మామగారు సొరుగు మూసేశారు.

"సరే," అన్నారు. "కానీ ఒక మాట. నాలుగింటిలో ఏ ఒక్కటి విరిగినా మెషీన్ వెళ్తుంది. ఆ తర్వాత నన్ను బతిమాలకూడదు."

"ఒప్పుకుంటాను మామయ్యా," అంది కోడలు.

"ముందు మీరే కూర్చోండి," అంది అత్తగారు. "మీరు కొరకరుగా, మీకేం భయం?"

"నాకెందుకు భయం?" మామగారు వెళ్ళి కోడలి కుర్చీలో కూర్చున్నారు. ముప్పై అయిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ పళ్ళన్నీ చేతిలో పట్టుకున్న మనిషి. తన నోరు మాత్రం ఎవరికీ తెరిచి చూపించలేదు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

కోడలు మెషీన్ మీది గుడ్డ తీసింది. దానితో పాటు వచ్చిన చిన్న స్కానర్ చేతిలోకి తీసుకుంది. బ్రష్షంత ఉంటుంది, నోట్లో తిప్పితే పళ్ళన్నీ స్క్రీన్ మీదికి ఎక్కుతాయి. "కాస్త పెద్దగా తెరవండి మామయ్యా. కదలకండి."

ముందు పళ్ళు వచ్చాయి. బాగానే ఉన్నాయి, అంచులు కాస్త పొట్టిగా. ఆమె స్కానర్‌ని వెనక్కి జరిపింది. దవడ పళ్ళ మీద గుట్టలూ పల్లాలూ ఉండాలి. స్క్రీన్ మీద గుట్టలు లేవు, పల్లాలు లేవు. ఒకదాని పక్కన ఒకటి నున్నటి పలకలు వస్తున్నాయి. కుడివైపు అంతే. ఎడమవైపుకి తిప్పింది. అక్కడ ఇంకా ఘోరం.

ఇలాంటి పళ్ళు ఆమె చదువుకున్న పుస్తకాల్లోనే చూసింది. ఎన్నో ఏళ్ళు, రాత్రి తర్వాత రాత్రి, పళ్ళ మీద పళ్ళు పెట్టి నూరితే తప్ప ఇంతలా అరగవు.

భర్త స్క్రీన్ దగ్గరికి వంగాడు. "ఇదేంటి, ఇలా ఉన్నాయి?"

అత్తగారు పెట్టె తెరిచి, ఆ పొద్దున మొదటిసారి కళ్ళజోడు పెట్టుకుంది. స్క్రీన్‌ని చూసింది. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న మొగుణ్ణి చూసింది. మళ్ళీ స్క్రీన్‌ని చూసింది.

"ఏమండీ," అంది చాలా నెమ్మదిగా. "ముప్పై ఏళ్ళుగా మీకు నిద్ర లేకుండా చేస్తున్న ఆ చప్పుడు ఎవరిది?"

నోట్లో స్కానర్ ఉంది కాబట్టి ఆయన ఏమీ అనలేకపోయారు. కళ్ళు మాత్రం గుండ్రంగా తిరిగి కోడలి మీద ఆగాయి.

ఊళ్ళో అందరికంటే గట్టిగా పళ్ళు కొరికే మనిషి అత్తయ్య కాదు. తన మెషీనూ, తన మూలా, తన కుర్చీ ఇకనుంచి నాలుగు రాత్రులు ఈ పళ్ళ మధ్యే ఉంటాయి. ఒప్పుకుంటానన్నది తనే, అదీ అందరి ముందు.

స్కానింగ్ ఎప్పుడో అయిపోయింది. కోడలు ఇంకా స్కానర్ బయటికి తియ్యలేదు. తీస్తే, తన నోరు లెక్కలోకి రాదని ఆయన షరతు మార్చేస్తారేమో, పదహారులో నాలుగు రాత్రులు తగ్గిపోతాయేమోనని భయం వేసింది.